రాజదండముగా క్షామము

క్షామమనగా వానలు ముఖము చాటుచేసి, పైరులు మాడి, గాదెలు వట్టిపోయి, జనులు అన్నము లేక నశించు దశ యని సామాన్యముగా తలంతురు. చరిత్రలోని క్షామములలో అనేకము లీ విధముగనే ఆరంభమైన మాట సత్యము. కాని గిడ్డంగులలో ధాన్యమున్నను, రైలుబండ్లు దానిని మోయుచున్నను, ఓడలు దానిని పరదేశములకు చేరవేయుచున్నను, ఒక ప్రాంతపు ప్రజలకో, ఒక వర్గమునకో, ఒక జాతికో మాత్రము అది యందకుండునట్లు రాజ్యాధికారమే కట్టుదిట్టములు చేసిన క్షామములు వేఱొక కోవకు చెందినవి. అధికారమును ధిక్కరించినవారిని, ధిక్కరింతురేమో యని అనుమానింపబడినవారిని లొంగదీయుటకో, శిక్షించుటకో, రూపుమాపుటకో ఆకలి అచట ప్రయోగింపబడును. ఈ వ్యాసమునకు విషయము ఈ రెండవ కోవయే. దీనికి ప్రధానోదాహరణము 1932–33 సంవత్సరములలో సోవియట్ ఉక్రెయిన్‌లో నడచిన మహాక్షామము. దానిని హొలొదొమోర్ అని వ్యవహరింతురు.

ఇట్టి క్షామములను శోధించువాడు మేఘముల లెక్కలకంటె ముందు దస్తరములను చూడవలసియుండును. ఎవరి కళ్లమునుండి ఎంత ధాన్యము తీయవలెను, ఏ గ్రామమునకు ఉప్పు, కిరసనాయిలు సైతము పోరాదు, ఏ స్టేషనులో ఎవరికి టిక్కెట్టు ఈయరాదు, చనిపోయినవాని పేరుకెదురుగా ఏ కారణము వ్రాయరాదు అను ఉత్తరువుల వరుసయే ఆ క్షామముల అసలు చరిత్ర. అనావృష్టి వానికి సందర్భము కావచ్చును. కారణము మాత్రము ఆ కాగితములందే దొరకును. ఆహారము లోపించుట వేఱనియు, ఉన్న ఆహారమును పొందగల అధికారము లోపించుట వేఱనియు అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన తన గ్రంథమున విశదపఱచెను. కూలి పడిపోయి, ధర పెరిగి, పేదవాడు బజారులో ఆ అధికారమును కోల్పోవుట ఆయన ప్రధానముగా వర్ణించిన స్థితి. ఇచట చెప్పబోవు క్షామములలో దానిని ప్రభుత్వము బుద్ధిపూర్వకముగా లాగికొనినది.

ప్రాచీన రూపము

ఆకలిని ఆయుధముగా వాడుట నూతన విద్య కాదు. కోటను ముట్టడించి, లోనివారికి దినుసు లందకుండ చేసి, వారంతట వారే తలుపులు తెఱచునట్లు చేయుట సమస్త దేశముల యుద్ధతంత్రములందును కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున దుర్గలంభోపాయమను అధికరణము శత్రువుయొక్క విత్తులను, పైరులను నాశము చేయుమనియు, ధాన్యము వచ్చు మార్గములను అడ్డుమనియు స్పష్టముగా విధించుచున్నది. అదే గ్రంథమున మఱియొకచోట దుర్భిక్షము సంభవించినపుడు రాజు తన ప్రజలకు విత్తనములను, భక్తమును ఒసగి ఆదుకొనవలెనని కూడ ఉన్నది. శత్రువునకు ఒక నీతి, ప్రజకు ఒక నీతి. ఇరువదవ శతాబ్దమున కొన్ని రాజ్యములు చేసిన ఘోరమేమనగా, కోటగోడ కావలివైపు వాడవలసిన ఆయుధమును తమ ప్రజలపైననే త్రిప్పుట. వారిని ప్రజలుగా గాక ముట్టడింపదగిన శత్రువులుగా భావించుట. రైలుమార్గములు, రహస్య పోలీసులు, గుర్తింపు పత్రములు, గ్రామగ్రామమున పార్టీ శాఖలు ఉన్న ఆధునిక రాజ్యమునకే ఒక దేశమంత కోటను ముట్టడించు శక్తి కలిగినది.

ఉక్రెయిన్ క్షామము, 1932–33

సారవంతమైన నల్లనేలకు ఉక్రెయిన్ లోకప్రసిద్ధము. అంతర్యుద్ధానంతరము 1921–23లో అచటను, వోల్గా తీరమునను గొప్ప కరవు వచ్చినది. అప్పటి సోవియట్ ప్రభుత్వము కరవున్నదని ఒప్పుకొనినది. మక్సీం గోర్కీ ప్రపంచమునకు విజ్ఞప్తి చేసెను. హెర్బర్ట్ హూవర్ ఆధ్వర్యమున అమెరికా సహాయ సంస్థ వచ్చి లక్షలమందికి అన్నము పెట్టినది. పదేండ్ల తరువాత అదే ప్రభుత్వము కరవే లేదని లోకమునకు చాటి, బయటి సహాయమును నిరాకరించినది. ఈ రెండు వైఖరులను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి 1933 నాటి మరణములను కేవలము దురదృష్టముగా పరిగణించుట కష్టము.

నడిమి సంవత్సరములలో రైతు తన పొలమును తాను దున్నుకొనెను. బడులలో, కచేరీలలో ఉక్రెయిన్ భాషకు స్థానము లభించినది. 1928లో మొదటి పంచవర్ష ప్రణాళిక ఆరంభమైన పిమ్మట యంత్రములు కొనుటకు విదేశ ద్రవ్యము కావలసివచ్చినది. దానికి ధాన్యమే మార్గముగా కానవచ్చినది. 1929 చివరనుండి భూములను, పశువులను బలవంతముగా సమష్టి క్షేత్రములలో కలిపిరి. కాస్త కలిగిన రైతును కులక్ అని ముద్రవేసి, ఆలుబిడ్డలతో ఉత్తరారణ్యములకును, సైబీరియాకును పంపిరి. గ్రామములు తిరుగబడినవి. 1930లో సోవియట్ దేశమంతట 13,000కు మించిన సామూహిక కల్లోలములు జరిగినవనియు, వానిలో 4,000కు పైగా ఉక్రెయిన్‌లోనివేననియు రహస్య పోలీసుల లెక్కలే చెప్పుచున్నవి. అనేక చోట్ల స్త్రీలు ముందు నిలిచి తమ ఆవులను, విత్తనములను వెనుకకు తెచ్చుకొనిరి. మార్చి 2న స్టాలిన్ తప్పును క్రింది యుద్యోగులపై మోపుచు పత్రికలో వ్యాసము వ్రాసి కొంత వెనుకంజ వేసినట్లు కనబడెనే గాని, ఆ తిరుగుబాటును మఱువలేదు.

సమష్టి క్షేత్రములలో పశువులు చచ్చి, సేద్యము చెడి 1931లో దిగుబడి తగ్గినది. రైతులు చెల్లింపవలసిన ధాన్యపు లెవీ మాత్రము తగ్గలేదు. 1932 వసంతముననే ఊళ్లలో చావులు మొదలైనవి. ఆ జూనులో ఉక్రెయిన్ ప్రభుత్వ ప్రముఖులైన పెత్రోవ్‌స్కీ, చుబార్ అను నిరువురు గ్రామముల దుఃస్థితిని వర్ణించి సహాయము కోరుచు మాస్కోకు లేఖలు వ్రాసిరి. సమాధానముగా స్టాలిన్ సన్నిహితులైన మోలొతోవ్, కగనోవిచ్ లు జూలైలో నాటి రాజధానియైన హార్కివ్‌కు వచ్చి, 35 కోట్ల 60 లక్షల పూడులు, అనగా సుమారు 58 లక్షల టన్నుల ధాన్యము తీరవలసినదేనని పట్టుబట్టిరి. ఆగస్టు 7న వెలువడిన శాసనము సమష్టి క్షేత్రపు ఆస్తిని దొంగిలించినవానికి మరణదండన గాని, పదేండ్ల చెఱ గాని విధించినది. కోతలైన చేలలో రాలిన వెన్నులను పరిగె యేరుకొనుట పేదల కనాదిగా ఉన్న హక్కు. ఈ శాసనముతో పరిగె యేరిన తల్లులు సైతము చెఱసాలల పాలైరి.

నాలుగు దినముల పిమ్మట, ఆగస్టు 11న, స్టాలిన్ కగనోవిచ్‌కు వ్రాసిన లేఖ ఈ చరిత్రలో కీలకమైన పత్రము. పరిస్థితిని ఇప్పుడే చక్కదిద్దనిచో ఉక్రెయిన్‌ను పోగొట్టుకొనవచ్చునని ఆయన అందులో హెచ్చరించెను. అచటి పార్టీ శాఖలలో విరోధులు నిండియున్నారని అనుమానించెను. ధాన్యసేకరణమను వ్యవసాయ సమస్య ఆయన మనస్సులో ఉక్రెయిన్ విధేయత యను రాజకీయ సమస్యతో ముడివడినట్లు ఈ లేఖ తెలుపుచున్నది. ఆ తరువాతి ఉత్తరువులు ఈ ముడినుండియే పుట్టినవి.

నవంబరు 18న ఉక్రెయిన్ పార్టీ కేంద్ర సంఘము చేసిన తీర్మానము ధాన్యము చెల్లింపలేనివారికి మాంసము, బంగాళాదుంపల రూపమున జుల్మానా విధించినది. జుల్మానా కట్టినంత మాత్రమున ధాన్యపు బాకీ తీరదు. అది అట్లే నిలిచియుండును. అనగా ధాన్యము పోయిన ఇంటిలో మిగిలియున్న ఆవును, దుంపలను గూడ తీసికొనిపోవుటకు ఈ తీర్మానము దారి తెఱచినది. లెవీ తీర్పని గ్రామముల పేర్లు నల్లపలకల కెక్కినవి. డిసెంబరు 6 నాటి ఉత్తరువు ఆరు గ్రామములను పేర్కొని, వానికి సరకుల రవాణాను నిలిపివేసి, అంగళ్లలో ఉన్న సరకులను సైతము వెనుకకు తరలింపజేసి, క్రయవిక్రయములను నిషేధించి, అప్పులను గడువుకు ముందే రాబట్టుమని ఆజ్ఞాపించినది. త్వరలోనే నల్లపలకల కెక్కిన ఊళ్ల సంఖ్య వందలలోనికి పెరిగినది. నెలాఖరున విత్తుల కొఱకు దాచిన ధాన్యమును గూడ వదలలేదు.

ఈ యుత్తరువుల నమలుపఱచినవారిలో పరాయివారు కొందఱే. ఊరివారును, పట్టణమునుండి వచ్చిన యువకులును పెక్కుమంది. వారు దండులుగా ఇండ్లలో చొరబడి, ఇనుపచువ్వలతో నేలను, గోడలను, పొయ్యిలను పొడిచి పాతరల కొఱకు వెదకిరి. గోధుమలతో పాటు చిక్కుళ్లు, దుంపలు, ఒక్కొక్కచోట పొయ్యిపై ఉడుకుచున్న కూడు సైతము పట్టుకుపోయిరి. యౌవనమున ఇట్టి దండులో పాల్గొనిన లెవ్ కోపెలెవ్ తరువాతి కాలమున రచయితయై, తాను చూచినదానిని, చేసినదానిని గ్రంథస్థము చేసెను. పిల్లల యేడ్పు వినబడుచున్నను, తాము చేయునది చారిత్రకావశ్యకమని నమ్మి మనస్సును రాయి చేసికొంటినని ఆయన చెప్పిన సాక్ష్యము ఈ యుగమును గ్రహించుటకు మిక్కిలి యుపకరించును. ఇంతటి క్రౌర్యమునకు క్రూరులే అవసరము లేకపోయిరి. నమ్మకము గల విద్యావంతులు చాలిరి.

ఆకలిగొన్నవాడు ఊరు విడిచి అన్నమున్న చోటికి పోవుట ప్రాణికి సహజము. కరవు కాలమున వలసపోయి బ్రతికినవారి కథలు మన రాయలసీమ పల్లెల జ్ఞాపకములో ఎన్నియో కలవు. ఉక్రెయిన్ రైతుకు ఆ దారియు మూయబడినది. 1932 డిసెంబరు 27న ప్రవేశపెట్టిన గుర్తింపు పత్రములు పట్టణవాసులకే గాని పల్లె రైతులకు లేవు. 1933 జనవరి 22న స్టాలిన్, మోలొతోవ్ లు జారీచేసిన ఆదేశము, ఉక్రెయిన్‌నుండియు, రష్యాలోని కుబాన్ ప్రాంతమునుండియు రైతులు అన్నము కొఱకు గాక శత్రువుల ప్రేరణచే తరలిపోవుచున్నారని ఆరోపించి, వారిని ఆపుమని ఆజ్ఞాపించినది. స్టేషనులలో టిక్కెట్ల నమ్ముట నిలిచినది; బాటలపై కావలి నిలిచినది. మార్చి నడిమికి 2,19,000కు పైగా మనుష్యులను పట్టుకొని, వారిలో 1,86,000కు మించినవారిని తిరిగి తమ ఊళ్లకు పంపివేసిరి. ఆ ఊళ్లలో ఏమి ఉన్నదో పంపినవారికి తెలియును. క్షామమునకును, శిక్షకును నడుమ ఉన్న గీత ఈ జనవరి ఆదేశముతో పూర్తిగా చెరిగిపోయినదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

చావులు 1933 వసంతమున ఉధృతమై జూనులో పరాకాష్ఠ నందుకొనినవి. ఆ నెలలో దినమునకు సుమారు 28,000 మంది మరణించిరని ఉక్రెయిన్ జనసంఖ్యా శాస్త్రజ్ఞులు లెక్కించిరి. జనులు చెట్ల బెరడును, గడ్డిని, చచ్చిన గుఱ్ఱముల మాంసమును తినిరి. నరమాంస భక్షణ నేరమునకు 2,500 మంది శిక్షితులైరి. ఆకలి మనుష్యుని ఏ దశకు దిగలాగునో చెప్పుటకింతకంటె వివరము అవసరము లేదు. ఆ ఒక్క సంవత్సరపు మరణముల లెక్కతో ఉక్రెయిన్‌లో పుట్టిన శిశువునకు ఆయుఃప్రమాణము మగవానికి సుమారు 7 ఏండ్లు, ఆడుబిడ్డకు సుమారు 11 ఏండ్లు మాత్రమే.

ఇదే కాలమున టోర్గ్‌సిన్ అను ప్రభుత్వపు అంగళ్లలో గోధుమపిండి ఉన్నది. బంగారము, వెండి తెచ్చినవారికి దొరకును. పెండ్లి ఉంగరములు, తల్లులనాటి శిలువలు పిండికి మారినవి. ఓడరేవులనుండి ధాన్యమును ఎగుమతి యగుచునేయున్నది. 1930, 1931 సంవత్సరములలో ఏటేట సుమారు 50 లక్షల టన్నులు పోగా, 1932లోను 1933లోను ఏటికి 17 లక్షల టన్నుల ప్రాంతమున పోయినది. ప్రభుత్వపక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు: లెవీని కొన్ని పర్యాయములు తగ్గించిరి, 1933 ఫిబ్రవరినుండి విత్తనములను, కొంత ఆహారమును అప్పుగా ఇచ్చిరి. అయితే ఆ కూడు వసంతకాలపు సేద్యమునకు పనికివచ్చు చేతులకే ముందు అందినది. లేవలేనివానికి, వృద్ధునకు, పసివానికి దానిలో పాలు అరుదు.

మౌనమును గూడ ప్రభుత్వమే నిర్మించినది. గారెత్ జోన్స్ అను వేల్స్ దేశపు యువ పాత్రికేయుడు 1933 మార్చిలో అనుమతి లేకయే హార్కివ్ పరిసర గ్రామములలో కాలినడకను తిరిగి, నెలాఖరున బెర్లిన్‌లో తాను కన్నది ప్రకటించెను. రెండు దినములకే న్యూయార్క్ టైమ్స్ పత్రికకు మాస్కో విలేఖరియైన వాల్టర్ డ్యురాంటీ, అచట ఆకలి ఉన్నది గాని ఆకలిచావులు లేవను నర్థము వచ్చునట్లు వ్రాసి, జోన్స్ మాటను కొట్టివేసెను. డ్యురాంటీ అంతకు పూర్వ సంవత్సరముననే పులిట్జర్ బహుమానము పొందిన ప్రఖ్యాతుడు; కనుక లోకము ఆయననే నమ్మినది. 1937లో తీసిన జనాభా లెక్క ఊహించినదానికంటె ఎన్నో లక్షలు తక్కువ చూపగా, ప్రభుత్వము ఆ లెక్కను దాచి, తీసిన అధికారులను నిర్బంధించినది. వారిలో కొందఱు కాల్చివేయబడిరి. చచ్చినవారిని లెక్కించుటయే నేరమైన రాజ్యమున వారు చచ్చిరని చెప్పుట ఎవరి తరము?

గ్రామములను ఆకలి తినుచుండగా పట్టణములలోని భాషా, సాహిత్య వర్గము వేఱొక విధముగ నశించినది. 1932 డిసెంబరు 14 నాటి తీర్మానము ధాన్యసేకరణ వైఫల్యమునకును ఉక్రెయిన్ భాషాభివృద్ధి విధానమునకును సంబంధము కల్పించి, కుబాన్‌లోని ఉక్రెయిన్ బడులను, పత్రికలను రష్యన్ భాషకు మార్చుమని శాసించినది. పొల్తావ్‌స్కయా అను ఊరి నివాసులను మొత్తముగా ఉత్తరమునకు తరలింపుమనినది. లెవీ ఉత్తరువులో బడి భాష యేల ప్రస్తావనకు వచ్చినదో ఆలోచించినచో ఈ క్షామపు రాజకీయ స్వరూపము తేటపడును. రచయిత మికొలా హ్విల్యొవీ 1933 మే 13న, విద్యాశాఖను చిరకాలము నిర్వహించిన మికొలా స్క్రిప్నిక్ జూలై 7న, ఆత్మహత్య చేసికొనిరి. ఇరువురును కమ్యూనిస్టులే.

మృతులెందఱు? ఉక్రెయిన్‌లో 35 లక్షలనుండి 39 లక్షలవరకని నేటి జనసంఖ్యా పరిశోధకుల అంగీకారము. కుబాన్, వోల్గా, కజక్ ప్రాంతములతో కలిపి సోవియట్ దేశమంతట 50 లక్షలకు తక్కువ లేరు. దీనిని జాతిసంహారమనవలెనా అను విషయమున మాత్రము చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. ఆ నేరమునకు న్యాయశాస్త్రమున రూపమిచ్చిన రాఫెల్ లెమ్కిన్ 1953లోనే దీనిని జాతిసంహారముగా పేర్కొనెను. రాబర్ట్ కాంక్వెస్ట్ 1986లో ప్రకటించిన గ్రంథము ఈ చరిత్రను లోకము దృష్టికి బలముగా తెచ్చినది. డేవీస్, వీట్‌క్రాఫ్ట్ లు 2004లో, దుష్ఫలితములకు బాధ్యత స్టాలిన్ విధానములదే యైనను చంపవలెనను ఉద్దేశము నిరూపితము కాలేదని వాదించిరి. ఉక్రెయిన్ పార్లమెంటు 2006లో దీనిని జాతిసంహారమని శాసనము చేసినది. రష్యా దానిని అంగీకరింపదు. ఉద్దేశమును గూర్చిన ఈ వాదము విలువైనదే. అయినను 1932 శరత్కాలమునకు ముందు ఏమి తలచినను, ఆకలి వచ్చినదని తెలిసిన పిమ్మట దానిని ఆపక, దారులు మూసి, దానిచేతనే లొంగదీయుట పాలకుల నిర్ణయమని పత్రములు చూపుచున్నవి. అది చాలినంత నేరము.

కజక్ మైదానము

కజక్ ప్రజలు గొఱ్ఱెలను, గుఱ్ఱములను మేపుకొనుచు ఋతువును బట్టి తావు మార్చు సంచారులు. ఇదే కాలమున అచటి పార్టీ నాయకుడు ఫిలిప్ గొలొష్చోకిన్ ఆధ్వర్యమున వారిని బలవంతముగా ఒకచోట నిలిపి, మందలను లెవీగా తీసికొనిరి. సుమారు నాలుగు కోట్లుండిన పశుసంపద కొలది యేండ్లలో యాభై లక్షలలోపునకు దిగిపోయినది. పశువే అన్నమైన జాతికి అది మరణశాసనము. 13 లక్షలనుండి 15 లక్షలవరకు కజకులు మరణించిరి. అనగా ఆ జాతిలో మూడవ వంతునకు మించినవారు. లక్షలమంది చైనాకును, పొరుగు ప్రాంతములకును పాఱిపోయిరి. సరిహద్దులలో తుపాకులకు గుఱియైనవారు ఎందఱో. ఉక్రెయిన్ కంటె అధికమైన నిష్పత్తిలో నష్టపడినను కజక్ క్షామమునకు లోకమున తగిన స్మరణ లభింపకపోవుట విచారకరము.

రెండవ ప్రపంచయుద్ధకాలము, ఆ పిమ్మట

నాజీ జర్మనీ ఆకలిని ప్రణాళికగా ముందే లిఖించినది. సోవియట్ దేశముపై దండెత్తుటకు పూర్వము, 1941 మే 2న జరిగిన కార్యదర్శుల సమావేశపు నివేదికలో, అచటి ధాన్యమును జర్మన్ సేనకు తరలించినచో కోట్లమంది ఆకలితో మరణింతురని నిశ్చింతగా వ్రాసికొనిరి. నాజీ ఆహారశాఖాధికారి హెర్బర్ట్ బాకె దీనికి సూత్రధారి. ఖైదీలైన సోవియట్ సైనికులలో 1942 ఫిబ్రవరి నాటికే ఇంచుమించు ఇరువది లక్షలమంది ఆకలి, చలి, రోగములచే నశించిరి. లెనిన్‌గ్రాడ్ ముట్టడి 872 దినములు సాగినది. 1941 నవంబరు 20నుండి డిసెంబరు 25వరకు సామాన్య పౌరునకు దినమునకు లభించినది 125 గ్రాముల రొట్టె. ఆ నగరమున ఎనిమిది లక్షలనుండి పది లక్షలవరకు మరణించిరి.

వార్సా నగరమున యూదులను గోడకట్టి నిర్బంధించిన పేటలో అధికారిక భత్యము దినమునకు సుమారు 180 కేలరీలు. అచటి యూద వైద్యులు, ఇజ్రాయెల్ మిలెయ్‌కోవ్‌స్కీ నాయకత్వమున, తామును ఆకలిగొనియుండియు, తమ రోగుల శరీరములలో ఆకలి కలిగించు మార్పులను శాస్త్రీయముగా పరిశీలించి వ్రాసిరి. ఆ వ్రాతప్రతిని రహస్యముగా గోడ దాటించిరి; వ్రాసినవారిలో అధికసంఖ్యాకులు హతులైన పిమ్మట, 1946లో అది ముద్రణ పొందినది. మానవ క్షుధను గూర్చిన వైద్యవాఙ్మయమున నేటికిని అది ప్రామాణిక గ్రంథము. హంతకుల దస్తరములకు ప్రతిగా నిలువగల దస్తరము ఇదియొక్కటియైనను ఉన్నది.

యుద్ధము ముగిసిన చాలకాలమునకు, కాంబోడియాలో 1975–79 నడుమ ఖ్మేర్ రూజ్ పాలకులు ఇంట పొయ్యి వెలిగించుటను నిషేధించి, అందఱికిని సామూహిక భోజనశాలలలో పలుచని గంజి పోసిరి. అడవిలోని దుంపను స్వంతముగా త్రవ్వి తినుట సైతము శిక్షార్హమైనది. అన్నపు గరిటె ఎవరి చేతనున్నదో వారిదే రాజ్యమైనది.

ఆఫ్రికా ఖండము

1967లో నైజీరియానుండి విడిపోయిన బయాఫ్రాను కేంద్రప్రభుత్వము సముద్రముననుండియు, నేలనుండియు దిగ్బంధము చేసినది. 1970 జనవరిలో యుద్ధము ముగియునప్పటికి మరణించినవారి సంఖ్య పది లక్షలకు మించునని సాధారణముగా అంచనా. వారిలో పెద్దభాగము బిడ్డలు. ఊలీ అను చోట రహదారినే మార్చి చేసిన విమానాశ్రయమున క్రైస్తవ సంఘములు రాత్రివేళల ఆహారమును దింపినవి.

ఇథియోపియా క్షామము 1983–85లో సంభవించినది. అనావృష్టి నిజమే, కాని క్షామము ఘోరరూపము దాల్చిన తిగ్రాయ్, ఉత్తర వొల్లో ప్రాంతములు మెంగిస్తు హైలె మరియం ప్రభుత్వముతో తిరుగుబాటుదారులు పోరాడుచుండిన ప్రాంతములే యగుట యాదృచ్ఛికము కాదు. ప్రభుత్వ విమానములు సంతలపై బాంబులు వేయగా, జనులు సంతలను రాత్రివేళకు మార్చుకొనిరి. సంత చెడినచో ఒక లోయలోని మిగులు ధాన్యము ప్రక్కలోయకు చేరదు. తిరుగుబాటుదారుల వశమున నున్న పల్లెలకు సహాయధాన్యమును పోనీయక, దానిని సైన్యమునకును, అనుకూలురకును మళ్లించిరి. 1984 సెప్టెంబరులో విప్లవ దశమ వార్షికోత్సవమును అడిస్ అబాబాలో అట్టహాసముగా జరిపిరి. తరువాతి నెలలో కొరెం శిబిరపు దృశ్యములు దూరదర్శనమున లోకమునకు తెలిసినవి. అన్నము పంచు చోటికి వచ్చినవారిని పట్టి దక్షిణమునకు తరలించు పునరావాస పథకము క్రింద సుమారు ఆరు లక్షలమందిని స్థానభ్రష్టులను చేసిరి. దీనిని బహిరంగముగా ఖండించిన ఫ్రెంచి వైద్యసంస్థను 1985 డిసెంబరులో దేశమునుండి వెళ్లగొట్టిరి. అన్నమును ఎరగా వాడుట ఇచట కానవచ్చు విశేషము: నిరాకరించినంతగా, పెట్టుటయు దండనమైనది.

వలస పాలన

పరాయి ప్రభుత్వపు నిర్లక్ష్యమున వచ్చిన క్షామములను ఈ కోవలో చేర్చవచ్చునా? తెలుగువారికి ఇది దూరపు ప్రశ్న కాదు. ధాత కరవుగా ప్రసిద్ధమైన 1876–78 క్షామము బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములను తుడిచిపెట్టినది. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు మండలము తన జనులలో దాదాపు నాలుగవ వంతును కోల్పోయినది. రాజప్రతినిధి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో మహాదర్బారు జరుపుచుండగనే, ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో వ్యయమును తగ్గింపబూని, కరవుపనులలో రాళ్లు కొట్టు కూలికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును ప్రధానభాగముగా గల కూలిని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ అది ప్రాణము నిలుపదని తీవ్రముగా ప్రతిఘటింపగా, కొన్ని నెలల పిమ్మట కూలి పెంపబడినది. ఆ క్షామమంతట 55 లక్షలమంది మరణించిరని సాధారణపు లెక్క. బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగము ఆనాటి కరవుపనుల శేషమే.

ఇది స్టాలిన్ జనవరి ఆదేశమువంటిది కాదు. తిరుగబడినవారిని చంపవలెనని ఎవరును ఇచట ఉత్తరువు చేయలేదు. తేరగా అన్నము పెట్టినచో ప్రజలు సోమరులగుదురు, ధాన్యవ్యాపారమున జోక్యము పాపము, ఖజానా వ్యయము సహింపరానిది అను సిద్ధాంతములు అచట చంపినవి. 1943 బెంగాలు క్షామమునను శత్రువునకు దక్కరాదని తీరమున పడవలను, బియ్యమును తొలగించిన విధానము స్వంతప్రజల నోటినుండి కూడు లాగినది. క్షామనేరములను తీవ్రతను బట్టి శ్రేణులుగా విభజించు నేటి న్యాయవేత్తలు ఉద్దేశపూర్వకముగా చంపుట, తెలిసియు విధానము మార్చకపోవుట, ఉపేక్షించుట అను తారతమ్యములను పాటింతురు. ధాత కరవు రెండవ శ్రేణికి చెందునని చెప్పుట న్యాయము. దానిని మొదటి శ్రేణిలోనికి నెట్టినచో చరిత్రకు అపచారము. ప్రకృతివిలయమని కొట్టివేసినచో కర్నూలు మండలపు మృతులకు అపచారము.

అంతర్జాతీయ న్యాయము

ఆకలిచే చంపుట నేరమని న్యాయశాస్త్రము ఒప్పుకొనుటకు ఆశ్చర్యకరమైన కాలము పట్టినది. అమెరికా అంతర్యుద్ధకాలపు 1863 నాటి లీబర్ నిబంధనలు, శీఘ్రముగా లొంగదీయుటకు శత్రువులను, వారు ఆయుధపాణులైనను కాకున్నను, ఆకలికి గుఱిచేయుట ధర్మసమ్మతమేననినవి. లెనిన్‌గ్రాడ్ ముట్టడి నడపిన ఫాన్ లీబ్ మొదలగువారిని విచారించిన న్యూరెంబర్గు న్యాయస్థానము సైతము, 1948లో, ముట్టడిలో పౌరులను ఆకలిపఱచుట నాటి న్యాయమున నిషిద్ధము కాదనియు, న్యాయము అట్లు ఉండకుండిన బాగుండుననియు చింతించి ఊరకుండినది. అదే సంవత్సరపు జాతిసంహార ఒడంబడిక, ఒక జాతి భౌతికముగా నశించునట్టి జీవనపరిస్థితులను బుద్ధిపూర్వకముగా కల్పించుటను నేరములలో చేర్చినది. 1977లో జెనీవా ఒడంబడికలకు చేర్చిన అనుబంధములు పౌరులను ఆకలిపఱచుటను యుద్ధపద్ధతిగా వాడుటను నిషేధించినవి. అంతర్జాతీయ నేరన్యాయస్థానమును నెలకొల్పిన 1998 రోమ్ శాసనము దానిని రాజ్యముల నడుమ జరుగు యుద్ధములలో యుద్ధనేరముగా చేయగా, అంతర్యుద్ధములకు అన్వయించు సవరణ 2019లో మాత్రమే వచ్చినది. 2018 మే 24న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2417వ తీర్మానమును ఏకగ్రీవముగా ఆమోదించి, ఆకలిని ఆయుధముగా వాడుటను ఖండించినది. సిరియాలో లొంగుము, లేదా ఆకలితో చావుము అని ముట్టడించిన మదాయా వంటి ఊళ్ల అనుభవము అప్పటికి తాజాగా ఉన్నది. 2024 నవంబరు 21న అంతర్జాతీయ నేరన్యాయస్థానము గాజా విషయమున ఇజ్రాయెల్ ప్రధానమంత్రి నెతన్యాహుపైనను, మాజీ రక్షణమంత్రి గాలంట్‌పైనను జారీచేసిన నిర్బంధపత్రములలో ఈ నేరారోపణ చోటు చేసికొనినది. ఇజ్రాయెల్ ఆరోపణను తిరస్కరించినది.

యుద్ధనేరమునకు యుద్ధము ఉండవలెను. 1933లో ఉక్రెయిన్‌లో యుద్ధము లేదు. పన్ను వసూలు చేయు ప్రభుత్వమును, దానికి లోబడిన రైతులును మాత్రమే ఉండిరి. అట్టి శాంతికాలపు క్షామమును శిక్షించుటకు రోమ్ శాసనపు ఏడవ అధికరణము ఒక ఆధారము: ప్రజలలో ఒక భాగము నశించునట్లు ఆహారమును, ఔషధములను అందకుండ చేయుట మానవత్వమునకు వ్యతిరేకమైన నేరములలోని నిర్మూలనమగునని అది నిర్వచించినది. ఈ యధికరణముచే, కేవలము ఆకలిచే ప్రజను దండించిన పాలకుడెవరును ఇంతవరకు శిక్షితుడు కాలేదు. రష్యా, చైనా, అమెరికా, భారతదేశము ఆ శాసనమున నేటికిని భాగస్వాములు కావు.